రోసెట్ బాగానే వచ్చింది, తిరిగి కలిపిన నక్షత్రాలే స్టిక్కర్లలా ఉన్నాయి

మృగశిర (మారతహళ్ళి, బెంగళూరు)

రోసెట్ నీహారిక (నెబ్యులా) ఫోటో దగ్గర ఇరుక్కున్నాను. నెబ్యులా వరకు నచ్చినట్టే వచ్చింది. విడిగా ప్రాసెస్ చేయడానికి తీసేసిన నక్షత్రాల్ని మళ్ళీ కలిపేసరికి బొమ్మ మీద స్టిక్కర్లు అతికించినట్టు అవుతోంది. వివరాలన్నీ ఇస్తున్నాను, ఎక్కడ తప్పిందో చెప్పండి.

80 మి.మీ. రిఫ్రాక్టర్, ఫోకల్ లెంగ్త్ 400 మి.మీ. ఐఎంఎక్స్533 సెన్సర్ ఉన్న కలర్ కెమెరా, మైనస్ 10 డిగ్రీలు, గెయిన్ 100. నెబ్యులాకి 7 నానోమీటర్ల డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో 300 సెకన్ల ఫ్రేములు 72, అంటే 6 గంటలు. నక్షత్రాలకి విడిగా యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్‌తో 30 సెకన్లవి 60. అంతా మేడ మీద నుంచే.

సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో హెచ్-ఆల్ఫా (హైడ్రోజన్ వెలుగు), ఓ-త్రీ (ఆక్సిజన్ వెలుగు) విడదీసి హెచ్ఓఓ చేశాను, అంటే ఎరుపు చానెల్లో హెచ్-ఆల్ఫా, మిగతా రెంటిలో ఓ-త్రీ. డీకన్వల్యూషన్ (మసకని పదును చేయడం), తర్వాత ఆటోస్ట్రెచ్ (చీకటి చిత్రాన్ని కంటికి కనబడేలా లేపడం), తర్వాత స్టార్‌నెట్ (నక్షత్రాల్ని తీసేసే టూల్). ఆర్‌జీబీ స్టాక్‌ని (నక్షత్రాల ఫ్రేములన్నీ కలిపినది) కూడా ఆటోస్ట్రెచ్ చేసి, నక్షత్రాలు తీయించి, అసలు చిత్రంలోంచి స్టార్‌లెస్‌ని తీసివేస్తే మిగిలిందే నా స్టార్ లేయర్. దీన్నీ, నెబ్యులా స్టార్‌లెస్‌నీ 16 బిట్ టిఫ్‌లుగా గింప్‌లోకి (బొమ్మల ఎడిటర్) తెచ్చి స్క్రీన్ మోడ్‌లో కలిపాను.

నక్షత్రాలు మసకగా, బూడిద రంగులో ఉన్నాయి. కర్వ్స్‌తో లేపితే అంచులు బిగుసుకుని బటానీ గింజల్లా అవుతున్నాయి. స్క్రీన్ బదులు లైటెన్ పెడితే నెబ్యులా మధ్యలో చిన్న నక్షత్రాలు మాయం. పెద్దవాటి చుట్టూ నల్ల వలయాలు. రంగు అసలు లేదు, అన్నీ తెలుపే.

పిల్లలకోడి (జయనగర)

మృగశిర గారూ, ఇవన్నీ ఒకచోట పుట్టినవి కావు. విడదీసి చూడాలి. ముందు నల్ల వలయాల సంగతి తేల్చేద్దాం, అది సులువు.

స్క్రీన్ మోడ్ లెక్క ఇది: ఫలితం = 1 − (1 − నె) × (1 − తా). 'నె' అంటే స్టార్‌లెస్ పిక్సెల్, 'తా' అంటే స్టార్ లేయర్ పిక్సెల్. 'తా' సున్నాకీ ఒకటికీ మధ్య ఉన్నంతసేపూ ఫలితం 'నె' కంటే తగ్గదు. అంటే స్క్రీన్‌కి ఏ పిక్సెల్‌నీ నల్లబరిచే శక్తి లేదు. కాబట్టి మీ వలయాలు స్టార్‌లెస్‌లోనే ఉండి ఉండాలి, లేకపోతే స్టార్ లేయర్‌లో సున్నాకి దిగువన విలువలు ఉండాలి. 32 బిట్ చిత్రాల్లో తీసివేస్తే అక్కడక్కడా −0.003 లాంటివి వస్తాయి. కానీ మీరు మధ్యలో 16 బిట్ టిఫ్ చేశారు, అందులో రుణ విలువలు మిగలవు. నా అనుమానం స్టార్‌లెస్ మీదే. గింప్‌లో స్టార్ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాన్ని ఆపేసి చూడండి.

మృగశిర

ఆపేశాను. వలయాలు అలాగే ఉన్నాయి. అంటే స్టార్‌లెస్‌లోనే. డీకన్వల్యూషన్ రిచర్డ్‌సన్-లూసీ, 30 ఇటరేషన్లు.

పిల్లలకోడి

దొంగ దొరికాడు. ఆ పద్ధతిలో ఇటరేషన్లు పెంచేకొద్దీ కాంతివంతమైన నక్షత్రం చుట్టూ గుంట పడుతుంది. స్టార్‌నెట్ నక్షత్రాన్ని గుర్తుపట్టి తీసేస్తుంది గానీ, దాని చుట్టూ ఉన్న నల్ల గుంట నీహారికలోదే అనుకుని వదిలేస్తుంది. ఆ గుంటలో ఇప్పుడు మీరు వేరే రాత్రి తీసిన, కాస్త చిన్నగా ఉన్న ఆర్‌జీబీ నక్షత్రాన్ని కూర్చోబెట్టారు. వలయం కనబడకుండా ఎలా ఉంటుంది?

మందు: నక్షత్రాలు తీసేముందు డీకన్వల్యూషన్ మానేయండి, లేదా 8-10 ఇటరేషన్ల దగ్గర ఆపండి. నెబ్యులా నిర్మాణం పదునుగా కావాలంటే ఆ పని స్టార్‌లెస్ మీద, స్ట్రెచ్ అయ్యాక, మాస్క్ పెట్టి చేసుకోవచ్చు. అప్పుడు రింగు పడటానికి అక్కడ నక్షత్రమే ఉండదు.

ఇంకో చోటు కూడా చూడండి. రిజిస్ట్రేషన్‌లో (ఫ్రేముల్ని ఒకదాని మీద ఒకటి కుదర్చడం) లాంజోస్ ఇంటర్‌పొలేషన్ వాడితే, విలువలు హద్దు దాటకుండా ఆపే క్లాంపింగ్ టిక్ ఉందా? అది లేకపోతే 400 మి.మీ. దగ్గర, పిక్సెల్‌కి 1.94 ఆర్క్‌సెకన్ల స్కేల్‌లో, చిన్న గట్టి నక్షత్రాల చుట్టూ ఒక పిక్సెల్ వెడల్పు నల్ల గీత వస్తుంది. ఇది డీకన్వల్యూషన్ వలయం కంటే సన్నగా ఉంటుంది, 300 శాతం జూమ్‌లో తేడా తెలుస్తుంది.

ఎరుపువేట (కోరమంగళ)

బూడిద రంగు సంగతి నేను చెప్తాను. పైన రాసినదాంట్లోనే ఉంది: ఆటోస్ట్రెచ్ చేశాక తీసివేత.

ఆటోస్ట్రెచ్ ఆకాశాన్ని దాదాపు 0.25 దగ్గర నిలబెడుతుంది. ఒక నక్షత్రపు పిక్సెల్ 0.90 ఉందనుకోండి. తీసివేస్తే 0.65. దీన్ని 0.30 ఉన్న నెబ్యులా మీద స్క్రీన్ చేయండి: 1 − 0.70 × 0.35 = 0.755. మొదట 0.90 ఉన్న నక్షత్రం, కింద కాంతివంతమైన నెబ్యులా చేరాక కూడా 0.755కి పడిపోయింది. మసక అన్నది ఇదే. మీరు దాన్ని కర్వ్స్‌తో పైకి లాగారు. లాగితే మధ్యభాగం ఒకటికి తగిలి ఆగిపోతుంది, చుట్టూ ఉన్న మెత్తటి జారుడు నిటారుగా మారుతుంది. బటానీ గింజ తయారు.

స్ట్రెచ్ అయిన చిత్రంలోంచి నక్షత్రాన్ని బయటికి తీయాలంటే స్క్రీన్‌కి తిరగేసిన లెక్క కావాలి: తా = 1 − (1 − అసలు) ÷ (1 − స్టార్‌లెస్). అదే పిక్సెల్‌కి 1 − 0.10 ÷ 0.75 = 0.867. దీన్ని 0.30 మీద స్క్రీన్ చేస్తే 0.907. ఏ దారిన తీశారో ఆ దారినే పెట్టాలి. తీసివేతతో తీసినదాన్ని కూడికతో పెట్టాలి, తిరగేసిన స్క్రీన్‌తో తీసినదాన్ని స్క్రీన్‌తో పెట్టాలి. పిక్స్‌ఇన్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లో స్టార్‌ఎక్స్‌టెర్మినేటర్ (స్టార్‌నెట్ లాంటిదే) వాడేవాళ్ళకి అన్‌స్క్రీన్ అనే టిక్ ఉన్నది ఇందుకే. లీనియర్ డేటా (ఇంకా స్ట్రెచ్ చేయనిది) మీద మాత్రం ఆ టిక్ పెట్టకూడదు.

అయితే మొత్తం పని లీనియర్‌లో చేయడం మేలని నా అభిప్రాయం. స్ట్రెచ్ చేయని డేటాలో నక్షత్రపు కాంతీ, ఆకాశపు కాంతీ సెన్సర్ మీద నిజంగానే కూడి పడ్డాయి. కాబట్టి అక్కడ తీసివేతే సరైన లెక్క. నగరపు ఆకాశం మొత్తం స్టార్‌లెస్‌తో పాటు పోతుంది, స్టార్ లేయర్ దాదాపు సున్నా నేపథ్యంతో వస్తుంది. ఆ తర్వాత దాన్ని విడిగా, మీ ఇష్టం వచ్చినంత, స్ట్రెచ్ చేయండి. అప్పుడు స్క్రీన్ వాడటంలో తప్పు లేదు, ఎందుకంటే రెండూ విడివిడిగా స్ట్రెచ్ అయిన చిత్రాలు.

లైటెన్ ఎందుకు చిన్నవాటిని మింగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. నెబ్యులా 0.25, చిన్న నక్షత్రం 0.20 అయితే లైటెన్ పెద్దదాన్నే ఉంచుతుంది, ఫలితం 0.25. నక్షత్రం పోయింది. స్క్రీన్‌లో 1 − 0.75 × 0.80 = 0.40, నక్షత్రం ఉంది. పెద్ద నక్షత్రాల మెత్తటి అంచులకీ లైటెన్‌లో ఇదే గతి, కత్తిరించినట్టు ఆగిపోతాయి.

మృగశిర

ఎరుపువేట అన్నా, లీనియర్ చిత్రాన్ని స్టార్‌నెట్‌కి ఇస్తే సగం నక్షత్రాలు గుర్తుపట్టలేదు. అందుకే స్ట్రెచ్ చేసి ఇచ్చాను.

అరుంధతి (వైట్‌ఫీల్డ్)

సిరిల్‌లో స్టార్‌నెట్ కిటికీలోనే లీనియర్ చిత్రానికి ముందుగా స్ట్రెచ్ చేసే టిక్ ఉంటుంది. అది పెడితే లోపల తాత్కాలికంగా స్ట్రెచ్ చేసి, నక్షత్రాలు తీసి, మళ్ళీ వెనక్కి లీనియర్‌కి తెస్తుంది. పక్కనే స్టార్ మాస్క్ తయారుచేసే టిక్ కూడా పెట్టండి, తీసివేత అదే చేసిపెడుతుంది. పిక్సెల్‌కి 3 ఆర్క్‌సెకన్లు అలా ఉండే పొట్టి లెన్సులతో తీసినవాళ్ళు రెండింతలు పెంచే టిక్ కూడా పెట్టుకోవాలి, లేకపోతే రెండు పిక్సెళ్ళ నక్షత్రాల్ని అది నాయిస్ అనుకుని వదిలేస్తుంది. మీ 1.94కి అక్కర్లేదు. టైమ్ నాలుగింతలు అవుతుంది, ఊరికే.

గొల్లకావిడి (ఎలక్ట్రానిక్ సిటీ)

ఇంత తంటా ఎందుకండీ? హెచ్ఓఓ నక్షత్రాలే ఉంచేస్తే పోలా? ఆర్‌జీబీ కోసం ఫిల్టర్ మార్చడం, మళ్ళీ ఫోకస్, మళ్ళీ ఫ్లాట్లు (దుమ్ము మచ్చలు, మూలల చీకటి సరిచేసే ఫ్రేములు). గంట పని పెరుగుతుంది.

ఎరుపువేట

ఉంచొచ్చు, ఎవరూ కాదనరు. కానీ డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ లోపలికి వదిలేది 656.3 దగ్గర ఒక సన్నటి పట్టీ, 500.7 దగ్గర ఇంకోటి, అంతే. నక్షత్రపు రంగు అన్నది మొత్తం వర్ణపటం వాలును బట్టి వస్తుంది. రెండు పట్టీల్లో ఆ వాలు ఏం తెలుస్తుంది? పైగా ఓ-త్రీ బలహీనంగా ఉంటుందని దాన్ని ఎక్కువ లాగుతాం. నెబ్యులాతో పాటు ఓ-త్రీలో ఉన్న నక్షత్రాలు కూడా ఉబ్బుతాయి. అందుకే హెచ్ఓఓలో ప్రతి నక్షత్రానికీ నీలి అంచు. ఎస్‌హెచ్ఓలో (ఎరుపులో ఎస్-టూ అనే గంధకపు వెలుగు, ఆకుపచ్చలో హెచ్-ఆల్ఫా, నీలంలో ఓ-త్రీ) ఎస్-టూ, ఓ-త్రీ రెంటినీ లాగుతాం కాబట్టి ఆకుపచ్చ వెనకబడి మెజెంటా అంచు.

ఆ మెజెంటాని తీయడానికి తేలిక దారి ఉంది: స్టార్ లేయర్‌ని నెగెటివ్ చేయండి, గ్రీన్ తీసే టూల్ నడపండి, మళ్ళీ నెగెటివ్ చేయండి. మెజెంటా నెగెటివ్‌లో ఆకుపచ్చ అవుతుంది కదా, అక్కడే పోతుంది. కానీ పోయాక మిగిలేది తెలుపే, నిజమైన రంగు కాదు.

రోసెట్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. మధ్యలో ఎన్‌జీసీ 2244 గుంపు, అందులో ప్రధానమైనవి ఓ, బి తరగతి వేడి నక్షత్రాలు, నీలి తెలుపు. వాటి పక్కనే 12 మోనోసెరొటిస్ అని ఉంటుంది, ఆ గుంపుకి చెందనిది, మనకి దగ్గరగా ఉన్న కె తరగతి జెయింట్. అది నారింజ ఛాయలో కనబడాలి. ఆ ఒక్కదాన్ని చూస్తే చాలు రంగు సరిగ్గా కుదిరిందో లేదో తెలిసిపోతుంది. హెచ్ఓఓ నక్షత్రాల్లో ఆ రెంటికీ తేడా ఉండదు.

గొల్లకావిడి

సరే, 12 మోనోసెరొటిస్ దగ్గర ఓడిపోయాను. నా ఎస్‌హెచ్ఓలో అది ఊదా రంగులో ఉంది.

అరుంధతి

రంగు గురించి మృగశిర గారికి. మీరు ఆర్‌జీబీ స్టాక్‌కి కలర్ క్యాలిబ్రేషన్ చేసిన మాట ఎక్కడా రాయలేదు. ఆటోస్ట్రెచ్‌ని చానెళ్ళ లింక్ తీసేసి నడిపితే ఉన్న తేడాలు కూడా చదునైపోతాయి. ముందు ప్లేట్ సాల్వ్ చేయండి (చిత్రం ఆకాశంలో ఏ భాగమో లెక్కగట్టడం). ఫోకల్ లెంగ్త్ 400, పిక్సెల్ 3.76 మైక్రాన్లు అని ఇస్తే వెంటనే దొరుకుతుంది. తర్వాత ఎస్‌పీసీసీ (రంగు సరిచేసే టూల్): సెన్సర్ జాబితాలో మీది ఎంచుకుని, గాయా అంతరిక్ష నౌక కొలిచిన నక్షత్రాల వర్ణపటాలతో పోల్చనివ్వండి. ఇది నక్షత్రాలు తీయకముందు, లీనియర్‌లో ఉండగానే జరగాలి. స్టార్ లేయర్ మీద ఎస్‌పీసీసీ నడిపి పనిచేయట్లేదని అడిగేవాళ్ళు నెలకి ఒకరైనా వస్తారు. అందులో నేపథ్యమే ఉండదు, అది దేన్ని ఆధారం చేసుకుంటుంది?

ఇక స్ట్రెచ్. అందరూ వాడే స్టార్ స్ట్రెచ్ సూత్రం: (243 × క్ష) ÷ (242 × క్ష + 1). 'క్ష' అంటే లీనియర్ పిక్సెల్ విలువ. 243 అంటే 3ని 5 సార్లు గుణించినది. హిస్టోగ్రామ్‌లో మిడ్‌టోన్ (స్ట్రెచ్ అయ్యాక సగం వెలుగుకి చేరే విలువ) 0.0041 దగ్గర పెట్టడమూ ఇదీ ఒకటే, వేరే మంత్రం ఏమీ లేదు. లీనియర్‌లో 0.001 ఉన్నది 0.196 అవుతుంది, 0.01 ఉన్నది 0.71, 0.1 ఉన్నది 0.964. పైకి వెళ్ళేకొద్దీ మెల్లగా వంగుతుంది కాబట్టి నక్షత్రం ఉబ్బదు.

కానీ దీన్ని మూడు చానెళ్ళకీ విడివిడిగా వేస్తే రంగు పోతుంది. ఒక నారింజ నక్షత్రం తీసుకోండి: ఎరుపు 0.010, ఆకుపచ్చ 0.007, నీలం 0.004. ఎరుపుకీ నీలానికీ నిష్పత్తి రెండున్నర. స్ట్రెచ్ అయ్యాక 0.71, 0.63, 0.49. నిష్పత్తి ఒకటిన్నరకి కూడా లేదు. ఇంకాస్త కాంతివంతమైనదైతే, 0.10, 0.07, 0.04 అనుకుంటే, 0.964, 0.948, 0.910. అది తెలుపే. మీరు అన్నీ తెలుపు అంటున్నది ఈ లెక్కే.

అందుకని జీహెచ్‌ఎస్ అనే స్ట్రెచ్ టూల్‌లో రంగు పద్ధతిని విడి చానెళ్ళ మీద కాకుండా ల్యూమినెన్స్ (మొత్తం వెలుగు) మీద పెట్టండి. లేదా ఆసిన్‌హెచ్ స్ట్రెచ్ వాడండి. రెంటిలోనూ మూడు చానెళ్ళూ ఒకే గుణకంతో పెరుగుతాయి, నిష్పత్తి నిలుస్తుంది. దీనికీ ఒక చిక్కుంది. పెద్ద నక్షత్రాల నడిబొడ్డున ఎరుపు ఒకటి దాటి తెగిపోతుంది, చుట్టూ కాలిన నారింజ వలయం, మధ్యలో చదునైన చుక్క. అందుకే నేను రెండూ కలుపుతాను: మొదట ఆసిన్‌హెచ్ కొద్దిగా, మిగతాది మామూలు మిడ్‌టోన్‌తో.

పిల్లలకోడి

అరుంధతి గారి లెక్కకి ఒక షరతు: అసలు ఫ్రేములోనే నక్షత్రం కాలిపోయి ఉంటే ఏ స్ట్రెచ్ కూడా రంగు తేలేదు. 533 సెన్సర్ 14 బిట్లది. గరిష్ఠం 16,383, దాన్ని నాలుగింతలు చేసి 16 బిట్ ఫైల్లో రాస్తారు, అంటే 65,532 దగ్గర గోడ. ఒక్క 30 సెకన్ల ఫ్రేము తెరిచి పెద్ద నక్షత్రాల మధ్య పిక్సెల్ మీద కర్సర్ పెట్టి చదవండి. 65,000 పైన కనబడితే 10 సెకన్లవి ఇంకో 60 తీసుకోండి. మన నగరపు ఆకాశంలో పొట్టి ఫ్రేములకి నష్టం లేదు, మనకి కావాల్సింది మసక నెబ్యులా కాదు కదా.

మృగశిర

చూశాను. 12 మోనోసెరొటిస్ 65,532. ఇంకో రెండు కూడా. మిగతావి బాగున్నాయి.

పిల్లలకోడి

అయితే 10 సెకన్లవి తీసి, ఆ మూడింటి మీద మాత్రం చిన్న మాస్క్‌తో 30 సెకన్ల స్టాక్ బదులు అవి వాడండి. లీనియర్‌లో మూడుతో గుణిస్తే స్థాయి కుదురుతుంది. గుణించాక ఒకటి దాటుతుంది కాబట్టి ముందు మొత్తం చిత్రాన్ని మూడుతో భాగించి పెట్టుకోండి. 32 బిట్‌లోనే చేయాలి.

చోళతీరం (చెన్నై, వేళచ్చేరి)

రెండు స్టాకుల్ని ఎప్పుడు అలైన్ చేస్తున్నారో ఎవరూ అడగలేదు. నక్షత్రాలు తీసేశాక స్టార్‌లెస్‌ని దేనికీ అలైన్ చేయలేరు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రోసెట్ ఇక్కడ నడినెత్తికి వస్తుంది, బెంగళూరు నుంచి 82 డిగ్రీల ఎత్తు. మెరిడియన్ ఫ్లిప్ (నడినెత్తి రేఖ దాటాక టెలిస్కోప్ రెండోవైపుకి తిరగడం) అయ్యాక కెమెరా కాస్త తిరిగి ఉంటే, ఫిల్టర్ మార్చేటప్పుడు కూడా కాస్త కదిలితే, రెండు స్టాకుల మధ్య డిగ్రీలో సగం తేడా చాలు, మూలల్లో నక్షత్రాలు దాదాపు పద్దెనిమిది పిక్సెళ్ళు పక్కకి పోతాయి.

క్రమం ఇలా ఉండాలి: హెచ్ఓఓని ముందుగా మూడు చానెళ్ళ చిత్రంగా కూర్చండి. కలర్ కెమెరాలో హెచ్-ఆల్ఫా ఎరుపు పిక్సెళ్ళ నుంచే వస్తుంది కాబట్టి సగం సైజులో దిగుతుంది, విడదీసేటప్పుడే దాన్ని పెంచే ఆప్షన్ పెట్టండి, లేకపోతే ఓ-త్రీతో కొలతలు కలవవు. తర్వాత హెచ్ఓఓ, ఆర్‌జీబీ రెంటినీ ఒక సీక్వెన్స్‌గా మార్చి, నెబ్యులాని రిఫరెన్స్‌గా పెట్టి రిజిస్టర్ చేయండి. ఫ్రేమింగ్ రెంటికీ ఉమ్మడిగా ఉన్న భాగం మాత్రమే. ఆ తర్వాతే బ్యాక్‌గ్రౌండ్ తీయడం, ఎస్‌పీసీసీ, స్టార్‌నెట్.

బ్యాక్‌గ్రౌండ్ విషయంలో రెండు స్టాకులకి రెండు నీతులు. రోసెట్ 80 ఆర్క్‌మినిట్లు, మీ ఫ్రేము 1.6 డిగ్రీలు. చుట్టూ ఖాళీ అనిపించేది కూడా పూర్తిగా ఖాళీ కాదు, హెచ్-ఆల్ఫా పలచగా పరుచుకుని ఉంటుంది. నెబ్యులా స్టాక్‌లో శాంపిల్ చుక్కలు మూలల్లో నాలుగైదు చాలు. గ్రాఎక్స్‌పర్ట్ (బ్యాక్‌గ్రౌండ్ తీసే టూల్) వాడితే స్మూతింగ్ ఎక్కువగా ఉంచండి, లేదంటే రోసెట్ పువ్వు అంచుల్ని తినేస్తుంది. ఆర్‌జీబీ స్టాక్‌లో మాత్రం ఎంత దూకుడుగా తీసినా ఫరవాలేదు. మిగిలిన గ్రేడియంట్ ఎలాగూ స్టార్‌లెస్‌తో పాటు చెత్తబుట్టలోకే పోతుంది.

మృగశిర

స్టాకుల్ని నేను అలైన్ చేసింది గింప్‌లో, చేత్తో, జరిపి.

చోళతీరం

అయ్యో.

గొల్లకావిడి

నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది. చాలామందిమి ఆ గింప్ బాణాల మీదే పెరిగాం.

మృగశిర

నిన్న మొత్తం మొదట్నుంచి చేశాను. డీకన్వల్యూషన్ లేదు. సిరిల్‌లో రిజిస్టర్, ఎస్‌పీసీసీ, లీనియర్‌లోనే స్టార్‌నెట్, ఆసిన్‌హెచ్, ఆ తర్వాత 32 బిట్‌లో పిక్సెల్ మ్యాత్‌తో స్క్రీన్. వలయాలు పోయాయి. 12 మోనోసెరొటిస్ నారింజ ఛాయకి వచ్చింది. నక్షత్రాలు నెబ్యులాలోనే పుట్టినట్టున్నాయి.

ఇంకా రెండున్నాయి. నక్షత్రాలు మరీ ఎక్కువ, పువ్వు కనబడటం లేదు. స్టార్ లేయర్ ఒపాసిటీ 70 పెడితే మళ్ళీ బూడిద రంగు. రెండోది, కలిపాక నేపథ్యంలో రంగు రంగుల ఇసుక. స్టార్‌లెస్‌కి డీనాయిస్ చేశాను, అందులో లేదు.

ఎరుపువేట

ఒపాసిటీ ప్రతిదాన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తుంది. 0.95 ఉన్న నడిబొడ్డు 0.665 అవుతుంది, అదే మీ బూడిద. చిన్నది 0.20 కాస్తా 0.14 అవుతుంది, అంతగా తగ్గలేదు. మీకు కావాల్సింది దీనికి తిరగబడింది. స్టార్ లేయర్‌కి మాత్రం మిడ్‌టోన్ 0.7 పెట్టండి. 0.95 ఉన్నది 0.89 దగ్గర నిలుస్తుంది, 0.20 ఉన్నది 0.097కి దిగుతుంది. పెద్దవి మెరుస్తూనే ఉంటాయి, చిన్నవాటి గుంపు వెనక్కి తగ్గుతుంది, పెద్దవాటి బొజ్జ కూడా తగ్గుతుంది. మార్ఫలాజికల్ ఎరోజన్ (అంచులు కొరికి నక్షత్రాల్ని చిన్నవి చేసే టూల్) జోలికి వెళ్ళకండి, నక్షత్రాలు చతురస్రాలవుతాయి.

ఎంత తగ్గించాలన్నది మీ కంటి సంగతి. కొందరు నక్షత్రాల్ని దాదాపు చంపేస్తారు. నా మట్టుకు నాకు ఎన్‌జీసీ 2244 గుంపు స్పష్టంగా కనబడని రోసెట్ బోసిగా ఉంటుంది. ఆ పువ్వు వెలిగేదే ఆ నక్షత్రాల వల్ల.

అరుంధతి

ఇసుక స్టార్ లేయర్‌లోంచి వస్తోంది. స్టార్‌నెట్ తీసినవి నక్షత్రాలే కాదు, నక్షత్రాల్లా కనబడ్డ నాయిస్ గింజల్ని కూడా తీసి స్టార్ మాస్క్‌లో పెట్టింది. స్ట్రెచ్‌లో అవి పైకి తేలాయి. స్టార్ లేయర్ ఒక్కటే తెరిచి, నక్షత్రం లేనిచోట చిన్న పెట్టె గీసి స్టాటిస్టిక్స్ చూడండి. స్ట్రెచ్ చేయకముందు అక్కడ సగటు ఎంత, సిగ్మా (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో) ఎంత? సగటుకి మూడు సిగ్మాలు కలిపి, ఆ విలువని లీనియర్ స్టార్ లేయర్‌లోంచి తీసేసి, సున్నాకి దిగువన ఉన్నవాటిని సున్నా చేయండి. తర్వాతే స్ట్రెచ్. కొన్ని అతి చిన్న నక్షత్రాలు పోతాయి, మీరు ఎలాగూ తగ్గించాలనే అనుకుంటున్నారు.

శాచురేషన్ పెంచేదుంటే ఆ తర్వాత. ముందు పెంచితే ఇసుకకే రంగు పూసినట్టు.

మృగశిర

పెట్టెలో సగటు 0.00011, సిగ్మా 0.00019. 0.00068 తీసేశాను. ఇసుక పోయింది. మిడ్‌టోన్ 0.7 మరీ ఎక్కువనిపించి 0.62 దగ్గర ఆపాను.

చోళతీరం

మూలల్లో ఒకసారి 200 శాతంలో చూసి చెప్పండి.

మృగశిర

కుడి పై మూల బాగుంది. ఎడమ కింద మూలలో ఒక పెద్ద నక్షత్రం చుట్టూ పలచటి నీలి పళ్ళెం, నక్షత్రం కంటే పదింతలు వెడల్పు. స్టార్‌లెస్‌లో కూడా ఉంది.

పిల్లలకోడి

అది ఫిల్టర్ హేలో. ఫిల్టర్‌కీ సెన్సర్ గాజుకీ మధ్య కాంతి అటూ ఇటూ తగిలి, ఫోకస్ తప్పి పడ్డ ప్రతిబింబం. నీలంగా ఉందంటే ఓ-త్రీ వైపు. స్టార్‌నెట్‌కి అది నక్షత్రంలా కనబడదు కాబట్టి తీయదు. స్టార్‌లెస్‌లో ఓ-త్రీ ఉన్న ఆకుపచ్చ, నీలం చానెళ్ళలోనే సరిచేయడం మంచిది. ఆ పళ్ళెం మీద గుండ్రటి మాస్క్, అంచు 15-20 పిక్సెళ్ళు మెత్తగా. మాస్క్ లోపలి మీడియన్‌కీ, బయట పక్కనే ఉన్న వలయపు మీడియన్‌కీ ఎంత తేడానో చూసి, అంత విలువ లోపల తీసేయండి. క్లోన్ స్టాంప్ కంటే ఇదే మేలు, కిందున్న నెబ్యులా గీతలు అలాగే మిగులుతాయి.

గుండ్రంగా కాకుండా ఒక పక్కకి జరిగి ఉంటే ఫిల్టర్ వంగి కూర్చుని ఉండొచ్చు. ఇంకోసారి ఫోటోలు తీసేముందు ఫిల్టర్ డ్రాయర్ విప్పి చూసుకోండి.

చోళతీరం

మా ఊరి గాలిలో తేమకి పలచటి మబ్బు కమ్మినా ఇలాంటి వెలుగు వస్తుంది. తేడా ఏంటంటే అది పెద్ద నక్షత్రాలన్నిటికీ ఉంటుంది, అంచు కత్తిరించినట్టు ఉండదు. అలాంటప్పుడు ఫ్రేముల్ని బ్లింక్ చేసి (ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసి) ఉబ్బినవాటిని స్టాక్‌లోంచి పడేయడమే, ప్రాసెసింగ్‌లో మందు లేదు.

మృగశిర

ఇక్కడ ఒక్క నక్షత్రానికే ఉంది, అంచు స్పష్టంగా ఉంది, కొంచెం ఎడమకి జరిగి ఉంది. డ్రాయర్ విప్పాను. ఫిల్టర్‌ని పట్టుకునే రింగు ఒక పక్క పూర్తిగా బిగియలేదు.

గొల్లకావిడి

రింగు బిగించాక ఫ్లాట్లు మళ్ళీ తీయండి, పాతవి ఇక పనికిరావు. నా ఊదా నక్షత్రానికి ఆర్‌జీబీ తీయాలి, ఆకాశం విడిచిపెడితే శనివారం. ఎన్ని ఫ్రేములు చాలంటారు?

అరుంధతి

30 సెకన్లవి 40, 10 సెకన్లవి 40. అరగంటలో అయిపోతుంది. ఫిల్టర్ మందం వేరైతే ఫోకస్ మళ్ళీ చూసుకోండి. 2 మి.మీ. గాజు చేర్చినా తీసేసినా ఫోకస్ దాదాపు 0.7 మి.మీ. జరుగుతుంది.